విడిపోగలిగే గొలుసుల లెక్క

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా వేర్వేరు వృత్తుల్లో ఉన్నవాళ్లం తలా కాసేపు మా పని గురించి చెప్పాలని కార్యదర్శిగారు కోరారు. "నీకు తెలిసిందే చెప్పు, కాని మాకు తెలిసేలా చెప్పు" అని షరతు కూడా పెట్టారు. నేను కెమికల్ ఇంజినీరును. దాదాపు ముప్పై ఏళ్లుగా గోడలకు వేసే రంగుల తయారీలో ఉన్నాను. ఆ పనిలో నాకు అన్నం పెట్టిన శాస్త్రానికి పేరు కాస్త పొడుగు: సుప్రామాలిక్యులర్ పాలిమర్ల స్వయం కూర్పు, దాని ఉష్ణగతిక నమూనాలు. పేరు చూసి భయపడకండి. దీనికి కావలసిన లెక్కంతా ఈ బడిలో పదో తరగతి లోపు నేర్పిందే. ఆ సంగతి రుజువు చేసి, చివర్లో సంఘానికి ఒక మనవి చేసి దిగిపోతాను.

రెండు రకాల గొలుసులు

ఎముకల పులుసు మిగిలితే రాత్రి ఫ్రిజ్‌లో పెడతాం. పొద్దున్న చూస్తే జెల్లీలా గడ్డకట్టి ఉంటుంది. పొయ్యి మీద పెడితే మళ్లీ పులుసు. చల్లారిస్తే మళ్లీ గడ్డ. అదే కోడిగుడ్డును ఉడకబెట్టామనుకోండి, ఎంత చల్లార్చినా అది మళ్లీ పచ్చిగుడ్డు కాదు. పులుసులో ఎముకల నుంచి దిగిన జెలటిన్ పోగులు ఒకదాన్నొకటి వదులుగా పట్టుకుంటాయి, వేడి తగలగానే వదిలేస్తాయి. తిరిగి విడిపోగలిగే ఈ పట్టే నా ప్రసంగ విషయం.

మన ఇళ్లలో ఉండే బకెట్లు, పైపులు, నైలాన్ తాళ్లు అన్నీ పాలిమర్లే. చిన్న అణువులు వేల సంఖ్యలో గొలుసు కట్టినవి. ఆ గొలుసులో ఒక్కో ముడి సమయోజనీయ బంధం, అంటే రెండు పరమాణువులు ఎలక్ట్రాన్లను పంచుకుని వేసుకున్న గట్టి ముడి. ఇప్పుడు ఇది పాఠ్యపుస్తకం మాట. నూరేళ్ల క్రితం మాత్రం పెద్ద తగాదా. రబ్బరు, సెల్యులోజ్ లాంటివి చిన్న అణువులు వదులుగా గుమిగూడిన గుంపులేనని అప్పటి రసాయన శాస్త్రజ్ఞుల్లో చాలామంది నమ్మేవారు. కాదు, అవి నిజంగానే పొడవాటి గొలుసులని 1920లో జర్మనీకి చెందిన హెర్మన్ స్టాడింగర్ వాదించాడు. చాలాకాలం ఎదురీదాడు. చివరికి ఆయన మాటే నిలిచింది, 1953లో నోబెల్ బహుమతి వచ్చింది.

తమాషా ఏమిటంటే, స్టాడింగర్ కాదన్న ఆ వదులు గుంపులనే తర్వాతి తరం కావాలని తయారు చేయడం మొదలుపెట్టింది. అణువుల మధ్య ఉండే బలహీనమైన ఆకర్షణల మీద పనిచేసినందుకు ఫ్రాన్స్‌కు చెందిన జాఁ మరీ లెన్‌కు మరో ఇద్దరితో కలిపి 1987లో నోబెల్ వచ్చింది. హైడ్రోజన్ బంధాలతోనే గొలుసు కట్టవచ్చని 1990లో ఆయన బృందం చూపించింది. 1997లో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ బృందం ఇంకో అడుగు వేసింది. ఒక చిన్న అణువు రెండు కొనలకూ, నాలుగేసి హైడ్రోజన్ బంధాలు వరసగా పెట్టుకోగల భాగాన్ని తగిలించింది. ఒక్క హైడ్రోజన్ బంధం చిటికెన వేలు పట్టుకున్నట్టు. నాలుగు కలిస్తే చేయి పట్టుకున్నట్టు. ఆ చిన్న అణువులు ద్రావణంలో చేయీ చేయీ కలిపి పాలిమర్ లాగే ప్రవర్తించాయి.

ఆ పట్టు ఎంత గట్టిది? క్లోరోఫాంలో దాని సమతాస్థితి స్థిరాంకం మోలార్ లెక్కన సుమారు 6 కోట్లు. దాన్ని శక్తిలోకి మార్చితే మోల్‌కు 44 కిలోజౌళ్లు. మామూలు కార్బన్-కార్బన్ బంధం తెంచాలంటే 350 కిలోజౌళ్ల దాకా కావాలి. గది ఉష్ణోగ్రత దగ్గర అణువుల కుదుపు మోల్‌కు రెండున్నర కిలోజౌళ్లు. అంటే మన ముడి ఆ కుదుపుకు ఊరికే ఊడిపోయేంత బలహీనం కాదు, ఎప్పటికీ ఊడనంత గట్టిదీ కాదు. కాస్త వేడి చేసినా, పలచబరిచినా గొలుసులు పొట్టివవుతాయి. చల్లార్చితే మళ్లీ పొడవవుతాయి.

ఇలాంటి గొలుసును ఎలా నమ్మాలని ఇంజినీరు అడుగుతాడు. పొద్దున్న ఒక పొడవు, మధ్యాహ్నం ఎండలో ఇంకో పొడవు. దాంతో వస్తువు ఎలా చేయడం? దానికి జవాబు లెక్కలో ఉంది.

పదో తరగతి లెక్క

మన క్లాసు టీచరు హాజరు తీసుకునే పద్ధతి గుర్తు చేసుకోండి. పిల్లలు ఒంటరిగా నిలబడినా, జంటలుగా నిలబడినా, పదేసి మంది వరస కట్టినా, పట్టీలో పేర్ల సంఖ్య మారదు. ద్రావణంలో అణువులూ అంతే. ఒంటరివి ఎన్ని, జంటల్లో ఎన్ని, ముగ్గురేసి గుంపుల్లో ఎన్ని అని అన్నీ కూడితే మనం మొదట తూచి వేసిన మొత్తం రావాలి. ఈ శాస్త్రంలో నమూనా అంటే ముందుగా ఈ హాజరు పట్టీయే.

ఇక రెండో సంగతి. ప్రతి ముడీ ఒకే బలం అనుకుందాం. గొలుసులో ఇప్పటికే ఇద్దరున్నా ఇరవై మంది ఉన్నా, కొత్తగా చేరేవాడికి పట్టు ఒక్కటే. దీన్ని ఐసోడెస్మిక్ నమూనా అంటారు. అప్పుడు జంటల సంఖ్య ఒంటరివాటికి ఒక నిష్పత్తిలో ఉంటుంది. ముగ్గురి గొలుసులు జంటలకు అదే నిష్పత్తిలో, నలుగురివి ముగ్గురివాటికి మళ్లీ అదే నిష్పత్తిలో. ఇదేమిటి? శ్రేఢుల అధ్యాయంలో మనం బోర్డు మీద చేసిన గుణశ్రేఢి. ఒంటరి అణువుల గాఢతను బంధ స్థిరాంకంతో గుణిస్తే ఆ నిష్పత్తి వస్తుంది. అది ఎప్పుడూ ఒకటి కంటే తక్కువే, లేకపోతే శ్రేఢి మొత్తం అనంతమైపోతుంది, హాజరు పట్టీ తప్పుతుంది.

ఒకటిలోంచి ఆ నిష్పత్తిని తీసేసి, వచ్చినదానితో ఒకటిని భాగిస్తే గొలుసు సగటు పొడవు. నిష్పత్తి 0.9 అయితే సగటున 10 అణువులు. 0.99 అయితే 100. 0.999 అయితే 1000. ఇంకా అందమైన ఫలితం ఒకటుంది. సగటు పొడవును వర్గం చేసి అందులోంచి సగటు పొడవును తీసేస్తే, బంధ స్థిరాంకాన్ని మొత్తం గాఢతతో గుణించిన లబ్ధం వస్తుంది. పొడవు 10 కావాలంటే ఆ లబ్ధం 90 ఉండాలి. 100 కావాలంటే 9,900. 1000 కావాలంటే 9,99,000. పిల్లలూ, ఇది మీ పుస్తకంలోని వర్గ సమీకరణమే. "ఇవి జీవితంలో ఎక్కడ పనికొస్తాయండీ" అని మాస్టారిని అడిగినవాళ్లలో నేనూ ఒకణ్ణి. నా జీవితంలో ఇక్కడ పనికొచ్చాయి.

ఈ సమీకరణం ఇంజినీరుకు మూడు సంగతులు చెబుతుంది.

ఒకటి, గాఢత. గొలుసు పది రెట్లు పొడవు కావాలంటే గాఢత వంద రెట్లు పెంచాలి. అదే పద్ధతిలో, నూరు రెట్లు పలచబరిస్తే పొడవు పదో వంతుకు పడిపోతుంది.

రెండు, ఉష్ణోగ్రత. ముడి పడేటప్పుడు వేడి వెలువడితే, ఉష్ణోగ్రత పెంచినకొద్దీ స్థిరాంకం తగ్గుతుంది. మీరు చదివే లీ చాటలియర్ సూత్రమే. ఉదాహరణకు మోల్‌కు 80 కిలోజౌళ్ల వేడి వెలువడే ముడి అనుకుంటే, 25 డిగ్రీల నుంచి 35 డిగ్రీలకు వెళ్లేసరికి స్థిరాంకం దాదాపు మూడో వంతుకు వస్తుంది. మాఘమాసంలో సరిగ్గా ఉన్న సరుకు వైశాఖంలో ఎందుకు మారిందో దీన్నిబట్టి ముందే చెప్పవచ్చు.

మూడు, శుద్ధత. గొలుసు కట్టాలంటే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఒక చేత్తో సంచి పట్టుకున్నవాడు వచ్చి చేరితే గొలుసు అక్కడితో ఆగిపోతుంది. ఒక్కో గొలుసుకు రెండు కొనలు కాబట్టి, నూటికి ఒక్కడు అలాంటివాడున్నా, ముడులు ఎంత గట్టివైనా, సగటు పొడవు రెండు వందలు దాటదు. ఉంగరంలా చుట్టుకునేవాటిని వదిలేసి చెప్పే లెక్క ఇది. నూటికి ఒకటే కదా అని మిగతా పనుల్లో సర్దుకుపోతాం. ఇక్కడ కుదరదు.

చెరువు నిండితేనే అలుగు

అన్ని గొలుసులూ ఇంత సాఫీగా పెరగవు. మన కండరాల్లో యాక్టిన్ అనే ప్రొటీను ఉంది. దాని అణువులు మెలితిరిగిన పోగులుగా పేరుకుంటాయి. గాఢత తక్కువగా ఉన్నప్పుడు పోగులు దాదాపు ఉండవు. ఒక హద్దు దాటగానే ఒక్కసారిగా కనబడతాయి. ఇది ఎందుకో జపాన్‌లోని నగోయాలో పనిచేసిన ఫుమియో ఊసావా, తన సహచరుడు కసాయితో కలిసి 1962లో సిద్ధాంతంగా రాశారు.

పొయ్యికి మూడు రాళ్లుంటే కుండ నిలుస్తుంది, రెండు రాళ్ల మీద నిలవదు. మెలిక పోగులోనూ అంతే. మొదటి రెండు అణువుల జంట ఇట్టే విడిపోతుంది. మూడోది వచ్చి రెండింటినీ పట్టుకుంటే బీజం నిలదొక్కుకుంటుంది. ఆ తర్వాత వచ్చేవాటికి పట్టుకోవడానికి ఒకటికి రెండు చేతులు దొరుకుతాయి, అవి సులువుగా చేరతాయి. మొదటి ముడులకు ఒక స్థిరాంకం, తర్వాతి ముడులకు చాలా పెద్దదైన ఇంకో స్థిరాంకం. దీన్ని సహకార నమూనా అంటారు.

ఈ నమూనా చెప్పేది మన ఊరి రైతుకు కొత్తేం కాదు. చెరువు నిండేదాకా అలుగు పారదు. నిండిన తర్వాత వచ్చిన నీరంతా అలుగు మీదుగా పోతుంది, చెరువు మట్టం మాత్రం అంతే ఉంటుంది. ఒంటరి అణువుల గాఢత చెరువు మట్టం లాంటిది. ఆ మట్టం దాటి ఎంత కలిపినా ఆ అదనమంతా పోగుల్లోకే వెళ్తుంది. అమ్మమ్మ కుంకుడుకాయ పులుసు మరీ పలచగా తీస్తే తలకు పనిచేయదని తిట్టేది. సబ్బు గుణమున్న అణువులు గుంపు కట్టి జిడ్డును తమలో దాచుకోవడానికి కూడా ఇలాంటి హద్దే ఒకటుంది.

ఒక పదార్థం ఏ నమూనా ప్రకారం నడుస్తుందో ఎలా తెలుస్తుంది? వేడి ద్రావణాన్ని మెల్లగా చల్లారుస్తూ అది కాంతిని పీల్చుకునే తీరును కొలవాలి. ఐసోడెస్మిక్ అయితే గీత మెల్లగా వంపు తిరుగుతుంది. సహకారమైతే ఒక ఉష్ణోగ్రత దాకా చదునుగా ఉండి, అక్కడ మోచేతిలా విరుగుతుంది. 2006లో ఐండ్‌హోవెన్ వాళ్లు డోడెకేన్ ద్రావణంలో ఇలాగే చల్లార్చి, ఆ విరుపును స్పష్టంగా చూపించారు. మన దేశంలోనూ ఈ విద్య ఉంది. అదే కుటుంబానికి చెందిన అణువులతో తిరువనంతపురంలోని సీఎస్ఐఆర్ ప్రయోగశాలలో అజయఘోష్ బృందం 2001లోనే జెల్‌లు చేసి చూపింది.

రంగు డబ్బాలో తగాదా

ఇప్పుడు నా పనిలో జరిగిన ఒక సంగతి. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో నేను పనిచేసిన ఒక కర్మాగారానికి డీలర్ల దగ్గర్నుంచి ఫిర్యాదులు వచ్చాయి. ముదురు రంగులు గోడ మీద నిలవకుండా జారిపోతున్నాయని. తెల్ల బేస్‌గా వెళ్లినప్పుడు చిక్కగా ఉన్న పెయింటు, డీలరు షాపులో మిషన్ మీద రంగు కలపగానే పలచబడుతోంది. పైవాళ్ల అనుమానం ఒక షిఫ్టు మనిషి మీదికి పోయింది. కొలత సరిపెట్టడానికి నీళ్లు ఎక్కువ పోశాడని అన్నారు. పన్నెండేళ్ల సర్వీసు, ఇద్దరు పిల్లలు. పైగా నోరున్న మనిషి కాదు.

మొదట చేసింది తూకం. తూచిన పెయింటును ఓవెన్‌లో ఆరబెట్టి, మిగిలిన గట్టి పదార్థాన్ని మళ్లీ తూచాం. ఉండవలసినంతే ఉంది. అదనపు నీళ్లు లేవు. మరి చిక్కదనం ఎటు పోయింది?

నీళ్ల పెయింట్లలో చిక్కదనం కోసం వేసే ఒక రకం పాలిమర్ ఉంటుంది. మధ్యలో నీళ్లంటే ఇష్టపడే పొడవాటి దారం, రెండు కొనలకు నీళ్లంటే గిట్టని చిన్న తోకలు. ఆ తోకలు నీళ్లలో దాక్కునే చోటు కోసం ఒకదాని దగ్గరికి ఒకటి చేరి గుంపులు కడతాయి. ఒకే అణువు ఒక కొన ఈ గుంపులో, ఇంకో కొన ఆ గుంపులో ఉండటంతో డబ్బా అంతా వలలా అల్లుకుంటుంది. ఇది విడిపోగలిగే వల. కుంచెతో లాగితే విడిపోతుంది, ఆగగానే మళ్లీ అల్లుకుంటుంది. అందుకే పెయింటు సులువుగా పరుచుకుంటుంది, గోడ మీద నిలుస్తుంది.

షాపులో కలిపే రంగు పేస్టులో రంగు నలకలు తేలుతూ ఉండటానికి సబ్బు గుణమున్న పదార్థాలు వేస్తారు. ముదురు రంగుకు పేస్టు ఎక్కువ పడుతుంది, దాంతోపాటు ఆ పదార్థమూ ఎక్కువ చేరుతుంది. అది వెళ్లి తోకల గుంపుల్లో కూర్చుంటుంది. అవతలి గుంపును పట్టుకుని ఉన్న తోకకు ఇప్పుడు ఎక్కడైనా చోటు దొరుకుతుంది, వంతెనగా ఉండాల్సిన అవసరం తీరిపోతుంది. వల సడలుతుంది. తోకలు ఎన్ని, సబ్బు అణువులు ఎన్ని, ఎవరు ఎక్కడ కూర్చుంటారు అని హాజరు పట్టీ వేసి, పేస్టు మోతాదు పెంచుతూ చిక్కదనం ఎంత తగ్గాలో లెక్క కట్టాం. గీత మీద పెట్టి చూస్తే ఫిర్యాదు వచ్చిన రంగులన్నీ అటూ ఇటుగా దాని మీదే కూర్చున్నాయి. ఆ షిఫ్టులో తయారైనవీ, వేరే షిఫ్టుల్లో తయారైనవీ తేడా లేకుండా.

చిక్కదనం ఇచ్చే పదార్థాల పాళ్లు మార్చాం, సమస్య తగ్గింది. ఆ షిఫ్టు మనిషి రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశాడు. నాకు ఈ లెక్క మీద గౌరవం కలిగింది ఆ రోజున. పొడవాటి పేరున్న ఒక సమీకరణం ఒక మనిషి అన్నం నిలబెట్టింది.

నెత్తుటిలో గొలుసులు

ఇంతవరకు చెప్పినవన్నీ మనకు మేలు చేసే గొలుసులు. ఏర్పడకూడని చోట ఏర్పడే గొలుసు ఒకటుంది. సికిల్ సెల్ వ్యాధి. నేను వైద్యుణ్ణి కాను, చికిత్స గురించి చెప్పే అర్హత నాకు లేదు. కానీ ఆ జబ్బు మూలంలో ఉన్నది ఇదే లెక్క.

1910లో షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ ఒక రోగి నెత్తుటిలో కొడవలిలా వంగిన ఎర్ర కణాలను చూసి రాశాడు. 1949లో లైనస్ పౌలింగ్ బృందం ఇది హిమోగ్లోబిన్ అణువులోని తేడా అని చూపింది. ఆ తర్వాత కొన్నేళ్లకు వెర్నన్ ఇంగ్రామ్ ఆ తేడా ఎంతటిదో కనిపెట్టాడు. బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ ఉంది. అంతే. ఆ ఒక్క మార్పుతో అణువు మీద నీళ్లంటే గిట్టని మచ్చ ఒకటి ఏర్పడుతుంది. ఆక్సిజన్ వదిలేసిన తర్వాత ఆ మచ్చ పక్క అణువులోని ఒక గుంటలో సరిగ్గా అతుకుతుంది. అలా అతుక్కుంటూ పోయి, పద్నాలుగు పేటల తాడుగా పేనుకుంటాయి. ఆ తాళ్లు కణాన్ని లోపలి నుంచి వంచి, బిరుసుగా చేస్తాయి.

ఇక్కడ చెరువు మట్టం ఎంతో చూడండి. ఆక్సిజన్ లేని ఆ హిమోగ్లోబిన్ శరీర ఉష్ణోగ్రత దగ్గర డెసిలీటరుకు సుమారు 16 గ్రాముల దాకానే కరిగి ఉండగలదు. ఎర్ర కణంలో హిమోగ్లోబిన్ ఉండేది డెసిలీటరుకు సుమారు 33 గ్రాములు. అంటే చెరువు ఎప్పుడో నిండింది. ఆక్సిజన్ పూర్తిగా పోతే అలుగు పారి తీరాలి. ఉష్ణగతిక నమూనా చెప్పే మాట అది.

అయితే ఆ జబ్బు ఉన్నవాళ్ల కణాలన్నీ ప్రతి నిమిషం ఎందుకు వంగిపోవడం లేదు? ఇక్కడ నమూనా హద్దు కూడా చెప్పాలి. ఉష్ణగతిక శాస్త్రం ఎటు వెళ్తుందో చెబుతుంది, ఎప్పటికి చేరుతుందో చెప్పదు. మొదటి బీజం పడటానికి సమయం పడుతుంది. అమెరికాలో విలియం ఈటన్, జేమ్స్ హాఫ్రిక్టర్ 1970లలో ఆ ఆలస్యాన్ని కొలిచారు. అది గాఢత మీద దాదాపు 30వ ఘాతం అంత తీవ్రంగా ఆధారపడి ఉంది. మీరే గుణించి చూడండి. గాఢత పది శాతం తగ్గితే ఆలస్యం ఇరవై రెట్లకు పైగా పెరుగుతుంది. ఎర్ర కణం సన్నని రక్తనాళాలను ఒకటి రెండు సెకన్లలో దాటి, ఇంకొన్ని సెకన్లలో ఊపిరితిత్తులకు చేరి మళ్లీ ఆక్సిజన్ అందుకుంటుంది. బీజం పడేలోపు ఇంటికి చేరిపోతే ప్రమాదం తప్పినట్టే.

ఈ ఒక్క లెక్క తెలిస్తే వైద్యులు చెప్పే మాటలకు అర్థం తెలుస్తుంది. నీళ్లు బాగా తాగమని ఎందుకంటారు? ఒంట్లో నీరు తగ్గితే కణం కుంచించుకుపోతుంది, లోపలి గాఢత పెరుగుతుంది, ఆలస్యం ఒక్కసారిగా పడిపోతుంది. హైడ్రాక్సీయూరియా అనే మందు వైద్యుల పర్యవేక్షణలో ఎందుకిస్తారు? అది పుట్టుకకు ముందు మనలో ఉండే రకం హిమోగ్లోబిన్‌ను పెంచుతుంది. ఆ రకం తాడులో చేరదు కాబట్టి, తాడు పేనగలిగే అణువుల గాఢత ఆ మేరకు తగ్గుతుంది. గ్లాసుడు నీళ్లు అనేది చిన్న సలహా కాదు. ముప్పయ్యో ఘాతం మీద పనిచేసే సలహా.

సంఘానికి నా మనవి

ఈ విషయం ఈ సభలోనే చెప్పడానికి కారణం ఉంది. మన బడిలో ఏజెన్సీ ఊళ్ల నుంచి వచ్చి, హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లలు నా కాలంలోనూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. మన దేశంలో ఈ జబ్బు గిరిజన కుటుంబాల్లో ఎక్కువ. 2023 జులై 1న కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. 2047 నాటికి ఈ జబ్బును ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలని, నలభై ఏళ్ల లోపువాళ్లలో ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయాలని లక్ష్యం పెట్టుకుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ అందులో ఉన్నాయి.

తొలి పరీక్ష ఎంత సులువైనదో తెలిస్తే ఆశ్చర్యపోతారు. రెండు చుక్కల నెత్తురును ఒక ద్రావణంలో వేస్తారు. అందులోని సాపోనిన్ ఎర్ర కణాలను పగలగొడుతుంది. మన కుంకుడుకాయలో నురుగు ఇచ్చేదీ సాపోనిన్ జాతి పదార్థమే. ఇంకో రసాయనం ఆక్సిజన్‌ను తీసేస్తుంది. ఫాస్ఫేట్ లవణాల గాఢత ఎక్కువగా ఉండటంతో సికిల్ హిమోగ్లోబిన్ కరిగి ఉండలేదు, ద్రావణం మబ్బుపడుతుంది. గొట్టం వెనక నల్ల గీతలున్న కాగితం పెడతారు. గీతలు కనిపిస్తే లేదు, కనిపించకపోతే ఉంది. ఇంతసేపూ నేను చెప్పిన చెరువు మట్టం లెక్కనే ఆ చిన్న గొట్టంలో కళ్లతో చూడవచ్చు. అయితే ఈ పరీక్ష జబ్బు ఉన్నవాళ్లనూ, ఒక్క జన్యువు మాత్రమే మోస్తున్నవాళ్లనూ వేరు చేయలేదు. దానికి ఎలక్ట్రోఫోరసిస్ లాంటి రెండో పరీక్ష తప్పనిసరి.

మన సంఘం ప్రతి ఏటా బడిలో కళ్ల పరీక్షలు, పళ్ల పరీక్షలు చేయిస్తోంది. ఆ శిబిరంలో ప్రభుత్వ వైద్యుల సహకారంతో దీన్ని కూడా చేర్చమని నా మనవి. మూడు జాగ్రత్తలు మాత్రం తీసుకోవాలి. తల్లిదండ్రులకు వాళ్ల భాషలో ముందుగా చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. ఫలితం బడి నోటీసు బోర్డుకు ఎక్కకూడదు, ఆ కుటుంబానికే తెలియాలి. ఒక్క జన్యువు మోసేవాళ్లు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు, వాళ్ల మీద రోగి అనే ముద్ర పడకూడదు. భార్యాభర్తలిద్దరూ అలా మోసేవాళ్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగో వంతు. ఆ సంగతి పెళ్లి వయసుకు ముందే తెలిస్తే ఆ పిల్లలు తమ నిర్ణయాలు తామే తీసుకోగలుగుతారు. ఇందుకయ్యే ఖర్చులో నా వాటా నేను ముందే కార్యదర్శిగారికి అందజేశాను. మిగతాది మీ చేతుల్లో పెడుతున్నాను.

బడికి ఇంకో చిన్న కోరిక. సైన్సు గదిలో జెలటిన్ ప్యాకెట్టు, మంచి థర్మామీటరు, మిల్లీగ్రాముల దాకా తూచే త్రాసు ఉంచండి. ఎంత జెలటిన్ వేస్తే ఏ ఉష్ణోగ్రత దగ్గర గడ్డ కరుగుతుందో పిల్లలే కొలిచి గీత గీయనివ్వండి. గుణశ్రేఢులు, లీ చాటలియర్ సూత్రం ఆ తర్వాత చెబితే "ఎక్కడ పనికొస్తుందండీ" అనే ప్రశ్న రాదు. వచ్చినా మంచిదే, జవాబు బల్ల మీదే ఉంటుంది.

విడిపోగలిగే బంధాన్ని నమ్మలేమని చాలామంది అనుకుంటారు. దాని లెక్క తెలిస్తే నమ్మవచ్చని, అవసరమైన చోట కట్టవచ్చని, అక్కర్లేని చోట ఆపవచ్చని ముప్పై ఏళ్ల పనిలో నాకు తెలిసింది. ఆ లెక్కలో మొదటి అంకె నాకు ఇక్కడే నేర్పారు. నేర్పిన గురువులకు పాదాభివందనం.